రాళ్ళగూడెం జావబండి

ఒక పెద్ద అడవిలో ఆకలి ఉండేది. ఆ మాటకొస్తే చిన్న అడవుల్లోనూ ఉంటుంది గానీ అక్కడ దానికో ఆఫీసు ఉండదు. ఇది పెద్ద అడవి కాబట్టి ఆఫీసు కూడా ఉండేది.

దాని పేరు అడవి ఆరోగ్య కేంద్రం. పింఛాల రాయుడనే నెమలి దానికి పెద్ద. జపాలయ్య అనే కొంగ గుమాస్తా. వైద్యుడు గుడ్లగూబ. ఆయన పగలంతా నిద్రపోతాడు, కేంద్రం పగలు మాత్రమే తెరిచి ఉంటుంది. అందువల్ల వైద్యం బాగాలేదని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవికి తూర్పు కొసన, కేంద్రానికి మూడు కోసుల దూరంలో ఉన్న రాళ్ళగూడెంలో నేల పెంకులా గట్టిపడింది. దుంప తవ్వుదామంటే గోరు విరుగుతోంది, వేరు కొరుకుదామంటే పన్ను విరుగుతోంది. అక్కడుండేది ఏదులూ అలుగులూ ఎలుకలూ. ఎవరి గొంతూ కొండమీది సభదాకా వినపడని జాతులు.

సూరమ్మ ఆ గూడెం ఏదుపందే. మొగుడు కార్చిచ్చులో పోయాడు. పెద్ద పిల్లలిద్దరూ ఎలాగో తవ్వుకు తింటున్నారు. చిన్నది ములికి మాత్రం జ్వరం పడి లేచి, తల ఎత్తలేక ఎత్తలేక ఎత్తుతోంది. గుడ్లగూబ వైద్యుడు ఒకనాడు పొరపాటున మెలకువగా ఉండి ఆ పిల్లని చూశాడు. మందు అక్కర్లేదు, నెల రోజులు వేడివేడిగా ఇంత జావ పడితే బతుకుతుంది, పడకపోతే తొలకరి చూడదు అని చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కేంద్రం వాళ్ళు పథకం ప్రకటించారు. 'ఇంటి గుమ్మానికే జావ.' చిలగడదుంపలూ ఇప్పపువ్వూ కలిపి కేంద్రంలోనే ఉడికిస్తారట. ఎలుగుబంటి నరసక్క వంట చేస్తుందట. దున్నపోతు భద్రయ్య బండి కట్టి పేదల గుమ్మాల దగ్గరికే తెస్తాడట. అలుగులకి కావలసింది చీమలు, కానీ జాబితాలో చీమలు లేవు. కాబట్టి అలుగులు కూడా జావే ఇష్టమని వేలిముద్రలు వేశాయి.

సూరమ్మ కళ్ళు తుడుచుకుని, కేంద్రం ఉన్న దిక్కుకి ఒక దండం పెట్టింది. ఆమె జీవితంలో ఆఫీసుకి పెట్టిన దండం అదొక్కటే.

మర్నాడు సంగతి తెలిసింది. జావ ఇంటికే వస్తుంది. అయితే, వచ్చే ముందు ఇంట్లోవాళ్ళు కేంద్రానికి వెళ్ళి తూకం వేయించుకుని చీటీ తెచ్చుకోవాలి. ఆకలి రోజురోజుకీ మారుతుంది కాబట్టి చీటీ కూడా ఏ రోజుకారోజే.

తూకానికో త్రాసు, త్రాసులో ఒక హద్దురాయి. రాయికన్నా తేలిగ్గా ఉంటే ఆకలి ఉన్నట్టు, బరువుగా ఉంటే లేనట్టు. అన్ని జాతులకీ అదే రాయి. ఆ లెక్కన దొంగతిండి తిని గుండ్రంగా తయారైన ఎలుక ఆకలిగొన్నది, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చన్నట్టున్న దున్న భద్రయ్య కడుపునిండినవాడు. భద్రయ్య రోజూ జావ లాగుతాడు, తాగడు.

సూరమ్మ తెల్లారకముందే బయల్దేరేది. ఏదు తన బిడ్డని వీపుమీద మోయలేదు కదా. ములికిని ముందు నడిపిస్తూ, తూలినప్పుడల్లా ముక్కుతో నెడుతూ మూడు కోసులు నడిచేది. తూకం అయ్యేది. చీటీ వచ్చేది. అప్పుడు బండి బయల్దేరేది. బండి పోయేదీ రాళ్ళగూడేనికే, వీళ్ళు పోయేదీ రాళ్ళగూడేనికే. తన జావ పక్కనే పొగలు కక్కుతూ పోతుంటే, దాని వాసన పీలుస్తూ, ఆ మండుటెండలో సూరమ్మ మళ్ళీ మూడు కోసులు నడిచేది.

రెండోనాడు సగం దారిలో ములికి పడిపోయింది. పిల్ల వాటా ఇక్కడే పొయ్యమని సూరమ్మ బండికి అడ్డం నిలబడింది. బండి మీద ఒంటికాలిమీద నిలబడ్డ జపాలయ్య విసుక్కోలేదు. ఆయన ఎప్పుడూ విసుక్కోడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"ఏమ్మా, పథకం పేరేమిటి? ఇంటి గుమ్మానికే జావ. దారిలో పోస్తే అది దారి జావ అవుతుంది. దానికి వేరే పథకం రావాలి."

"వచ్చేదాకా బతికుండమని పిల్లకి చెప్పనా బాబూ?" అంది సూరమ్మ.

ఆయన ఆ మాట రాసుకున్నాడు. సలహాల కింద.

ఏమైతేనేం, అలా పన్నెండు రోజులు గడిచాయి. ములికి కళ్ళలోకి కాస్త వెలుగొచ్చింది. జ్వరంలో రాలిపోయిన ముళ్ళ స్థానంలో కొత్త ముళ్ళు మొలిచాయి, నల్లగా, తెల్లగా, నిగనిగలాడుతూ. సూరమ్మ వాటిని చూసి మురిసిపోయింది. పదమూడోనాడు త్రాసు కూడా వాటిని చూసింది. ములికి కూర్చున్న తట్ట కిందికి దిగింది.

"కోలుకుంది," అన్నాడు జపాలయ్య.

"అవి ముళ్ళు బాబూ. కండ కాదు."

"త్రాసుకి ముల్లేదో కండేదో తెలియదమ్మా. తెలిస్తే పక్షపాతం చూపించిందంటారు."

పింఛాల రాయుడు స్వయంగా బయటికొచ్చాడు. పింఛం విప్పాడు. పథకం మొదలయ్యాక కోలుకున్న మొదటి బిడ్డ అంటూ ఉపన్యాసం చేసి, ములికి మెడలో అడవిమల్లెల దండ వేశాడు. దండ బరువుకి పిల్ల అక్కడే కూలబడింది. ఎంత వినయమో చూడండని రాయుడు మెచ్చుకున్నాడు. వడ్రంగిపిట్ట ఆ దృశ్యాన్ని చెట్టుమీద బొమ్మగా చెక్కింది. బొమ్మలో నెమలి చెట్టంత ఉంది, ములికి ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ రోజు చీటీ ఇవ్వలేదు. నాలుగు రోజులకి పిల్ల మళ్ళీ మొదటికొచ్చింది. సూరమ్మ తీసుకెళ్ళి చూపిస్తే జపాలయ్య పుస్తకం తిరగేశాడు. ఆ ఇంటి ఆకలి తీరిపోయినట్టు రాసి ఉందట. తీరిన ఇంటికి మళ్ళీ ఆకలి పుట్టడానికి పుస్తకంలో గడి లేదట. వేరే ఇల్లయితే అది వేరే సంగతట. కొత్త ఇళ్ళకి మొదటి నెల తూకం కూడా అక్కర్లేదు, గుమ్మం ఉంటే చాలునట.

సూరమ్మ బయటికొచ్చి చుట్టూ చూసింది. కేంద్రం వాగు పక్కన ఉంది. నేల మెత్తగా, తడిగా ఉంది. నరసక్క వంట పొయ్యికి కాస్త అవతలగా, ఆ మధ్యాహ్నమే తవ్వడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఇల్లు తయారు. జపాలయ్య వచ్చి వంగి చూశాడు. గుమ్మం ఉంది. ఉంటే ఇల్లే. పుస్తకంలో ఎక్కించాడు.

మర్నాడు సూరమ్మ ములికిని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎదురుగా పొయ్యి, పొయ్యిమీద జావ కుతకుతలాడుతోంది. నరసక్క దాన్ని బండికెత్తింది. బండి కదిలింది. సూరమ్మ దొప్ప చాపింది.

బండి ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది.

భద్రయ్య సిగ్గుతో తల ఎత్తలేదు. జపాలయ్య మాత్రం దయగా వివరించాడు. ఇది కదిలే జావ పథకం. బండి రోజుకి ఆరు కోసులు తిరగాలని పైనుంచి ఉత్తర్వు. పొయ్యి దగ్గర్నుంచి గుమ్మానికి పదకొండడుగులు తిరిగితే తిరిగినట్టు అవుతుందా? అందుకని బండి రాళ్ళగూడెం వెళ్ళి, అక్కడివాళ్ళకి పోసి, మళ్ళీ తిరిగొచ్చి సూరమ్మకి పోస్తుంది.

పొద్దు వాలే వేళకి బండి తిరిగొచ్చింది. ఎండకి జావ పులిసి, పైన నురుగు కట్టి ఉంది. ములికి రెండు గుక్కలు తాగి, మూడు గుక్కలు కక్కుకుంది.

సూరమ్మ నరసక్క దగ్గరికెళ్ళి కూర్చుంది. ఎందుకొచ్చిందో నరసక్కకి తెలుసు. గరిట పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని చెప్పింది.

"నేను పొయ్యలేక కాదే. బండెక్కించే ముందు జపాలయ్య గరిటలు లెక్కపెడతాడు. ఒకటి తగ్గితే నన్ను మారుస్తారు. నా తర్వాత వచ్చేది తోడేలో ఏమో. అది నీ పిల్లకి జావ పొయ్యదు, నీ పిల్లనే జావలో వేస్తుంది."

"మరి నా పిల్ల సంగతేంటి నరసక్కా?"

నరసక్క పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

ఈలోగా గూడేనికి కబురందింది. కేంద్రం పక్కన ఇల్లు కడితే తూకం లేదట, ఆరు కోసుల నడక లేదట. మొదట అలుగు పోలమ్మ వచ్చింది. ఆమెకి నోరు లేదు, ఎవరైనా గట్టిగా పలకరిస్తే చుట్ట చుట్టుకుపోతుంది, కానీ తవ్వడంలో ఆమె తర్వాతే ఎవరైనా. తర్వాత మిగతా అలుగులు. తర్వాత ఎలుకలు, కుటుంబాలకి కుటుంబాలు.

గుమ్మానికో గరిటె అన్న సంగతి కనిపెట్టింది ఎలుకలే. ఒక ఇంటికి రెండు గుమ్మాలుంటే రెండు గరిటెలు. మూడుంటే మూడు. ఇక చూడండి. వెనక గుమ్మం, పక్క గుమ్మం, అత్తగారి గుమ్మం, పుట్టబోయే పిల్లల గుమ్మం. మన సూరమ్మేం తక్కువ తినలేదు. పిల్ల కోసమని ఆరు తవ్వింది. పోలమ్మ తొమ్మిది. అందరి సొరంగాలూ కేంద్రం అడుగునుంచే ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి, ఎందుకంటే మెత్తటి నేల అక్కడే ఉంది.

గుమ్మాలు పెరిగాయి గానీ కుండ పెరగలేదు. గరిటె గుమ్మానికో చుక్కయింది. ఆ చుక్క కూడా రాళ్ళగూడెం వెళ్ళి పులిసి వచ్చేది. ఇప్పుడు రాళ్ళగూడెంలో ఒక్క ప్రాణి లేదు. అయినా బండి వెళ్ళేది, ఖాళీ రాళ్ళ మధ్య కాసేపు ఆగేది, జపాలయ్య గంట కొట్టేవాడు, తిరిగొచ్చేది.

పింఛాల రాయుడి ఆనందానికి అంతులేదు. నలభై మూడు కుటుంబాలతో మొదలైన పథకం, గుమ్మానికో కుటుంబం లెక్కన, మూడువందల పన్నెండు కుటుంబాలకి చేరింది. కొండమీది సభకి రాసి పంపాడు. ఇంత గొప్ప పథకాన్ని కళ్ళారా చూడ్డానికి సభవారు తనిఖీ అధికారిని పంపారు. ఆయన దిగ్గజరావుగారు. ఏనుగు.

ఆయన వచ్చిన రోజు పొద్దున్నే తోరణాలు కట్టారు. రాయుడు నాట్యం చేశాడు. ముందుగా ఒక లబ్ధిదారు ఇంటి గుమ్మం చూస్తానన్నారు దిగ్గజరావుగారు. అందరికన్నా ముందు కట్టినది కదా అని సూరమ్మ గుమ్మం చూపించారు.

పెద్ద పిల్లలిద్దరూ వాగు ఒడ్డున తవ్వుకుంటున్నారు, ములికి ఒక్కతే లోపల పడుకుని ఉంది. పైన నేల కదలడం సూరమ్మ చూసింది. లోపలికి దూకి, పిల్ల మెడ పట్టుకుని ఆరో గుమ్మంలోంచి బయటికి ఈడ్చింది. అదే క్షణంలో దిగ్గజరావుగారి ముందుకాలు ఇంటికప్పు చీల్చుకుని, ములికి పడుకున్న చోటే తొడదాకా దిగింది. ఆ అదురుకి కేంద్రం ఒక పక్కకి ఒరిగింది. తూకం గది గోడతో, త్రాసుతో, హద్దురాయితో సహా పోలమ్మ మూడో గుమ్మంలోకి జారిపోయింది. పోలమ్మ అప్పటికే చుట్ట చుట్టుకుని దొర్లి బయటపడింది. గుడ్లగూబ వైద్యుడు ఒక కన్ను తెరిచి, ఇది కలేలే అని తేల్చుకుని మళ్ళీ పడుకున్నాడు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఏనుగు కాలు బయటికి రాలేదు. లాగడానికి అంత బలమున్నది దున్న ఒక్కడికే. జపాలయ్య తనిఖీకి ఆగిపోయినా, భద్రయ్య అప్పటికే జావబండితో రాళ్ళగూడెం వెళ్ళాడు.

మధ్యాహ్నమైంది. దిగ్గజరావుగారి కడుపు ఒకసారి మూలిగింది. ఆ మూలుగుకి కేంద్రం కప్పుమీద ఆకులు రాలాయి. ఏమైనా తినడానికి పెట్టమన్నారు.

"జావ దారిలో ఉందండి," అన్నాడు జపాలయ్య.

"ఎక్కడికి వెళ్ళింది?"

"రాళ్ళగూడెం అండి."

"అక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"మరి ఎందుకు వెళ్ళింది?"

"ఇక్కడికి రావడానికండి."

దిగ్గజరావుగారు వంట ఎక్కడ చేస్తారని అడిగారు. జపాలయ్య పొయ్యి చూపించాడు. మరి పది అడుగులే కదా అన్నారు ఆయన. పదకొండండి అని సవరించాడు జపాలయ్య.

ఎండ నడినెత్తి దాటింది. ఏనుగు చెవులు వాలిపోయాయి. పూట తప్పి ఎరగని ఒళ్ళు అది. ఆయన కళ్ళు మూసుకుని పొయ్యివైపు తొండం చాచి వాసన పీల్చడం సూరమ్మ చూసింది. అలా పీల్చడం ఆమెకి కొత్త కాదు. ఇదే సమయమనుకుంది. పిల్లని చంకనెత్తుకోలేదు కాబట్టి ముక్కుతో ముందుకి నెట్టుకుంటూ వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబెట్టింది.

"అయ్యగారూ, మీ కడుపులో ఇప్పుడున్నది ఒక్క పూట ఆకలి. నా బిడ్డకి నెల రోజులది. జావ ఈ పొయ్యిమీదే ఉడుకుతుంది, ఊరంతా తిరిగి పులిసిపోయి వస్తుంది. ఉడికిన చోటే పొయ్యమనండి. నేను ఇంకేం అడగను."

దిగ్గజరావుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అర్థమైందమ్మా," అన్నారు. "నా ఉద్యోగంలో ఇంత బాగా ఏదీ అర్థం కాలేదు."

సూరమ్మకి ఆ నెలలో మొదటిసారి ఊపిరాడింది. ఆకలి తెలిసినవాడికి ఇంక చెప్పాల్సిందేముంటుంది అనుకుంది. బోలెడు పుస్తకాలు చదివినవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు, ఆమెననేదేముంది.

సాయంత్రం బండి వచ్చింది. మూడువందల పన్నెండు గుమ్మాల్లోంచి మూడువందల పన్నెండు దొప్పలు బయటికొచ్చాయి. దిగ్గజరావుగారి తొండం అంతకన్నా ముందొచ్చింది. పులిసిందనీ చూడలేదు, చీటీ ఉందా అనీ అడగలేదు. నాలుగు గుక్కల్లో బండి ఖాళీ. అడుగున అంటుకున్నది కూడా తొండంతో గీరుకున్నారు.

ఆ రోజు ములికికి చుక్క దక్కలేదు. నరసక్క కుండ కడిగిన నీళ్ళు తెచ్చి తాగించింది. సూరమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి గానీ, ఏనుగు తోలుకి ఏదు ముళ్ళు ఏపాటి?

భద్రయ్య లాగితే కాలు బయటపడింది. దిగ్గజరావుగారు అక్కడికక్కడే నివేదిక చెప్పారు, జపాలయ్య రాశాడు. ఈ అడవిలో భరించలేని ఆకలి ఉన్నమాట నిజం. అది తనిఖీకి వచ్చే అధికారులకి ఉంది. వారు ఎక్కడికెళ్ళినా వేళకి భోజనం అందడం లేదు. కనుక తక్షణం జావబండిని, దున్నని, గుమాస్తాని అధికారుల వెంట తిరగడానికి కేటాయించడమైనది. ఇంత దూరదృష్టితో కదిలే బండిని ముందే తయారుచేసి ఉంచినందుకు పింఛాల రాయుణ్ణి కొండమీది సభకి పదోన్నతిపై పిలవడమైనది.

చివర్లో ఆయనకి సూరమ్మ గుర్తొచ్చింది. ఒక పేద తల్లి తన కళ్ళు తెరిపించిందని కూడా రాయించారు.

మర్నాడు పొద్దున్నే అందరూ వెళ్ళిపోయారు. ముందు ఏనుగు, వెనక బండి, బండి మీద ఒంటికాలిమీద జపాలయ్య, చివర పింఛం సర్దుకుంటూ రాయుడు. సూరమ్మ తన గుమ్మంలో, అంటే గుమ్మం ఉండిన గోతి ఒడ్డున, పిల్లని దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పిల్ల ఊపిరి తీసుకుంటోందో లేదో మాటిమాటికీ ముక్కు ఆనించి చూసుకుంటోంది.

కాసేపటికి దుంపల తట్టలు వచ్చాయి. ఇప్పపువ్వు బుట్టలు వచ్చాయి. రోజూ వచ్చినట్టే. వాటిని ఆపాలంటే ఎవరి బరువు ఎంత పెరిగిందో జాబితా పంపాలి. జాబితా రాయాల్సిన కొంగ వెళ్ళిపోయింది, తూచాల్సిన త్రాసు గోతిలో ఉంది. కాబట్టి ఆపడానికి ఎవరివల్లా కాలేదు.

నరసక్క రోజూలాగే ఉడకేసింది. రోజూలాగే కుండ దించి, బండి కోసం చూసింది. బండి లేదు. గరిటలు లెక్కపెట్టేవాళ్ళు లేరు. అటు చూసింది, ఇటు చూసింది. కేంద్రంలో చేసిన పదేళ్ళ ఉద్యోగంలో ఆమెకి అలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

"చల్లారిపోతోంది నరసక్కా," అంది సూరమ్మ, లేవకుండానే.

నరసక్క గరిట తీసింది. పదకొండు అడుగులు నడిచి వచ్చి, ములికి దొప్పలో పోసింది. జావ పొగలు కక్కుతోంది. పిల్ల మూతి కాల్చుకుని, ఊదుకుని, మళ్ళీ మూతి పెట్టింది. ఒక్క చుక్క కక్కలేదు. ఆ వెనకే పోలమ్మ వచ్చింది, ఎలుకలు వచ్చాయి. దొప్పలు తెచ్చినవాళ్ళకి పోసింది, తేనివాళ్ళకి ఆకుల్లో పోసింది. గుమ్మాలు ఎవరూ అడగలేదు.

ములికి తొలకరి చూసింది. వానలో తడిసి, తల్లి చేత తిట్లు తిని, మళ్ళీ తడిసింది.

ఆ ఏడాది చివర కొండమీది సభ పెద్ద ప్రకటన చేసింది. తూర్పు అడవిలో తూకానికి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు కాబట్టి అక్కడ ఆకలి పూర్తిగా పోయిందని. ఆ ఘనతకి దిగ్గజరావుగారికి దండ వేశారు. ఆయన ఆ వేళకి రెండో బండి కోసం రాసి ఉన్నారు. ఒక బండి చాలడం లేదట.

నీతి: పేదల కడుపు నిండాలంటే, వాళ్ళ కోసం పెట్టిన పథకాన్ని ముందు ఎవరో ఒక పెద్దాయన ఎత్తుకుపోవాలి.